స్లైడు బరువు

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ మైక్రోస్కోపు కళ్లు పీక్కుని పోయింది. కన్ను ఆనించి చూసే రెండు ఐపీసుల్నీ సీసా మూత తీసినంత తేలిగ్గా పైకి లాగి, తెల్లకోటు జేబులో వేసుకుని, జేబు మీద ఓ దెబ్బ వేసింది. "ఒట్టెయ్యమని అడగను. నీ ఒట్టు మీద నాకు నమ్మకం లేదు. రంగులు వెయ్యి, ఆరబెట్టు, వరసలో పెట్టు. చూడ్డం మాత్రం నేనొచ్చాక." ఆపరేషన్ థియేటర్లో ఎవరి పొట్టో తెరిచిపెట్టుకుని సర్జనుగారు కబురు పంపారు, తీసిన ముక్క అక్కడికక్కడే చూసి చెప్పాలట, గంట పడుతుందట. తలుపు దగ్గర ఆగి, "డబ్బాలో అన్నం తిను," అంది. తలుపు మూసుకుంది. ఇప్పుడు మూడు కావడానికి పది నిమిషాలు. గంటంటే నాలుగు కావడానికి పది నిమిషాలు. కళ్లు లేని మైక్రోస్కోపు వైపు చూసింది ఆమె, ఈ ల్యాబులో స్లైడ్లు తయారుచేసే మనిషి. రెండు నల్లటి గొట్టాలు, లోపల రెండు చీకటి గుంటలు, అవి కూడా తన వైపే చూస్తున్నట్టున్నాయి.

ఈ గదిలో చేతులు రెండూ చాపి నిలబడితే ఒక చెయ్యి సింకుకి తగులుతుంది, ఇంకో చెయ్యి బీరువాకి. కిటికీ సగమే తెరుచుకుంటుంది, మిగతా సగాన్ని ఎవరో ఎప్పుడో రంగు వేస్తూ చట్రానికే అంటించేశారు. తలుపుకి సన్నటి అద్దం ఒకటి ఉంది, కింది నుంచి నడుము ఎత్తున మొదలై జానెడు వెడల్పుతో పైకి పోతుంది, లోపల ట్యూబులైటు వెలుగు, బయట వసారా మసక, అందుకని అందులో ఎప్పుడూ తన మొహమే కనిపిస్తుంది. పదకొండేళ్లుగా ఆ అద్దంలోనే జడ పిన్ను సర్దుకుంది, బొట్టు సరిగా ఉందో లేదో చూసుకుంది, ఆవలింతలు చూసుకుంది. ఇవాళ మెడ చూసుకుంది. గొంతు గుంటకి కొంచెం కుడిపక్కగా, గుండ్రటి ప్లాస్టరు, చంటిపిల్లకి టీకా వేశాక అంటించేలాంటిది. ఇంతే కదా, ఇంత ప్లాస్టరేగా, అనుకుంది. ఇంత ప్లాస్టరు కింద ఏముందో చెప్పడానికే ఈ గదంతా, ఈ సీసాలన్నీ, ఈ పదకొండేళ్లూ.

ఆల్కహాలు డబ్బాలో ఆరు జతలున్నాయి. అయిదు జతలు పొద్దుటి వాళ్లవి. ఆరోది తనది. స్లైడు చివర గరుకుగా ఉండే చోట పెన్సిలుతో అంకె వెయ్యాలి, పెన్నుతో రాస్తే ఆల్కహాల్లో కరిగిపోతుంది, ఇది మొదటిరోజు నేర్చుకున్న పాఠం. ఆరు అని రాసిన చెయ్యి తనదే. రిజిస్టరులో ఆరో వరసలో తన పేరు రాసిందీ తనే, వయసు ముప్పై నాలుగు అని, గడ్డ ఉన్న చోటు అనే గడిలో మెడ అని. ఎవరి పేరో రాస్తున్నట్టే రాసింది. చేతికేం తెలుసు పాపం. ఇప్పుడు రంగులు కూడా ఈ చెయ్యే వెయ్యాలి, రెండో అమ్మాయి పురిటి సెలవులో ఉంది, ఇంకో మనిషి లేదు. బుట్టలో స్లైడ్లు నిలబెట్టి, నీలంలో ముంచింది. నీలం ఒక్కో కణం లోపలి గింజకి పడుతుంది, దాని చుట్టూ ఉన్న దానికి తరవాత నారింజ, తరవాత ఆకుపచ్చ. ముంచి తీసి, ముంచి తీసి, కుళాయి కింద కడిగి. నీళ్లలో నీలం తీగలు తీగలుగా వదిలి సింకు రంధ్రంలోకి తిరుగుతూ పోయింది. వాటిలో తన నీలం ఏది, పక్కవాళ్ల నీలం ఏది.

సూది పొడిచింది ఒంటిగంటన్నరకి, పేషంట్లందరూ అయ్యాక. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి పడుకుంటే కప్పు మీద ఒక మరక కనిపించింది, చెమ్మ దిగి చుట్టూ పసుపు అంచు కట్టిన మరక. పదకొండేళ్లలో ఆ మరకని ఆమె ఒక్కసారీ చూడలేదు, ఎన్నివేల మంది చూసి ఉంటారో. "గుటక వెయ్యకు," అంది డాక్టరమ్మ. గుటక వెయ్యకు అన్న క్షణం నుంచీ నోట్లో ఎక్కడి నుంచి ఊరుతుందో అంత నీరూ. ఈ మాట తను కూడా ఎంతమందికి చెప్పింది, పక్కన నిలబడి, భుజం పట్టుకుని, గుటక వెయ్యకండమ్మా, అయిపోయింది, అయిపోయింది. అప్పటికి ఇంకా మొదలే అయ్యేది కాదు. సన్నటి సూది, ఇంజెక్షనుకి వాడేదానికంటే సన్నం, లోపలికి వెళ్లి ఒకే చోట గబగబా నాలుగైదు సార్లు కదిలింది. నొప్పి కాదు. ఎవరో ఇంట్లోకి వచ్చి, చీకట్లో సామాను తడుముతున్నట్టు.

తరవాత జరిగిందే ఇప్పుడు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వస్తోంది. మామూలుగా డాక్టరమ్మ సూది తీయగానే తను స్లైడుతో సిద్ధంగా ఉంటుంది. సూదిలో ఉన్న బొట్టు, ఆవగింజంత, స్లైడు మీద పడుతుంది. దాని మీద ఇంకో స్లైడు ఆనించి, సాగదీసి, వెంటనే ఆల్కహాల్లో వదలాలి. ఎంత వెంటనే అంటే, మధ్యలో తుమ్ము వస్తే తుమ్ము ఆపుకోవాలి. గాలికి ఆరితే కణాలు ఉబ్బిపోతాయి, మంచివి కూడా చెడ్డవాటిలా కనిపిస్తాయి. ఇవాళ తన చోట ఆయమ్మ నిలబడింది, వార్డులో పడకలు సర్దే పెద్దావిడ. పట్టుకోవడమే నీ పని, మిగతాది నే చూసుకుంటాలే అంది డాక్టరమ్మ. కానీ ఆయమ్మ బొటనవేలు సరిగ్గా బొట్టు పడాల్సిన చోటే ఉంది, అది పడుకునే చూసింది. చూసి ఊరుకోలేకపోయింది. దూదిని ఎడమచేత్తో మెడకి అదుముకుని, సగం లేచి, కుడిచేత్తో ఆయమ్మ వేలు పక్కకి తోసి, డాక్టరమ్మ దగ్గరున్న రెండో స్లైడు లాక్కుంది. "పడుకోవే తల్లీ!" అని డాక్టరమ్మ అరుస్తూనే ఉంది. "నేను చేస్తా మేడమ్, నేనే చేస్తా." చేసింది. బొట్టు పడగానే ఆయమ్మ పట్టుకున్న స్లైడు మీద తన స్లైడు ఆనించి లాగింది. వేళ్లకి ఏదో తేడా తగిలింది, అలవాటైన జారుడు కాదు, ఎక్కడో పట్టేసినట్టు. పదకొండేళ్లలో తగలనిది.

మాస్టారు ఉంటే గాజు రాసుకున్న శబ్దానికే పట్టేసేవాడు. ఈ గదిలో తనకంటే ముందు ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు, చెవి మీద పెన్సిలు. మొదటి నెలంతా నీళ్ల చుక్కలతోనే స్లైడ్లు లాగించాడు. "స్లైడు బరువు చాలు. నీ బరువు వెయ్యకు." రోజుకి నలభై సార్లు అదే మాట. నీ బరువు వేస్తే కణాలు చితికిపోతాయి, చితికిన దాన్ని ఎంత గొప్ప డాక్టరైనా చదవలేడు, పేషంట్లని మళ్లీ పిలిపించాలి, మళ్లీ పొడవాలి, మళ్లీ ఆ రాత్రంతా వాళ్లు నిద్రపోరు, అది నీ చేతి మీద ఉంటుంది. అప్పట్లో ఆమెకి ఇరవై మూడు. చెప్పినట్టే చేసింది. తన చేతిమీదుగా వెళ్లిన స్లైడు ఒక్కటీ పనికిరాదని వెనక్కి రాలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు కానీ, లోలోపల ఉండేది, ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునే నగలాగా.

ఇంట్లో కూడా ఆ చేతులే. మగడు దుప్పటి మడతపెడితే అతను గది దాటగానే విప్పి మళ్లీ మడత పెడుతుంది. ఒకరోజు అతను వెనక్కి వచ్చి చూసేశాడు, మర్నాటి నుంచి దుప్పటి జోలికి పోలేదు. అత్తగారు గిన్నెలు బోర్లిస్తే వాటిని ఇంకోలా బోర్లిస్తుంది. కూతురు తనంతట తను జడ వేసుకుంటానంటే, వేసుకోనిచ్చి, విప్పి మళ్లీ వేస్తుంది. "నీకు ఎవరు చేసినా నచ్చదు," అంది అది ఒకసారి, పదేళ్ల పిల్ల, పెద్ద ఆరిందాలాగా. ఆ పిల్లే గోళీ కనిపెట్టింది. బడిలో పూసల దండ గుచ్చుకొచ్చి, అమ్మా నీకే, నేను పెడతా, నువ్వు కదలకు అని ముందు నుంచి రెండు చేతులూ మెడ చుట్టూ వేసి కొక్కెం తగిలిస్తూ, వేలు ఆగింది. "అమ్మా, ఇక్కడ ఏదో గోళీ ఉంది." నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే దాని చెయ్యి తీసేసింది ఆమె. ఆ రాత్రి నుంచి తన వేలు అక్కడే, అన్నం కలుపుతూ అక్కడే, బస్సులో అక్కడే. మింగితే పైకి వెళ్తుంది, కిందకి వస్తుంది. మగడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే అతను పద పద అంటాడు, వాళ్ల అన్నయ్యకి ఫోను చేస్తాడు, అన్నయ్య ఎవరో పెద్ద డాక్టరు పేరు చెబుతాడు, అప్పుడది తన చేతిలోంచి పోతుంది. ఇవాళ పొద్దున కూడా, "సాయంత్రం ఆలస్యమవుతుంది, సామాను లెక్క చూడాలి," అంది. "సరే, పాపని నేను తీసుకొస్తాలే," అన్నాడు. అంత తేలిగ్గా నమ్ముతాడు, అదొక బాధ.

మూడూ పదిహేను. ఆకుపచ్చ కూడా అయింది. ఒక్కొక్క స్లైడూ తీసి, జిగురు చుక్క వేసి, పల్చటి మూతగాజు వాల్చింది, బుడగ లేకుండా. అయిదూ అయ్యాయి. ఆరోది వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఉత్త కంటికి ఏం కనిపిస్తుంది, మధ్యలో నీలి పొర, గీత గీతగా. ఇంకొకళ్లదైతే ఈపాటికి చూసేసేది. చూడాలి కూడా, రంగు సరిగా పట్టిందో లేదో చూశాకే డాక్టరమ్మ బల్ల మీద పెట్టాలి, అది తన పనే. ఏముందో చెప్పడం తన పని కాదు. కానీ వేల స్లైడ్లు చూసిన కన్ను రంగునొక్కదాన్నే చూసి ఊరుకుంటుందా. మొదటి రెండేళ్లు తెలియలేదు, తరవాత తెలియడం మొదలైంది, తరవాత తెలియకుండా ఉండటం చేతకాలేదు. గింజలన్నీ ఒక్క తీరుగా, తేనెపట్టు గదుల్లా పొందిగ్గా ఉంటే ఊపిరి వదిలేది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, పెద్దవీ చిన్నవీ, ముదురు నీలంగా తోసుకుంటూ ఉంటే, స్లైడు తీసి బల్ల మీద మామూలుగా పెట్టేది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు తలుపు తీయగానే లేచేవాళ్లు. అక్కా ఎలా ఉందక్కా. మా అమ్మదేమైనా తెలిసిందా అమ్మాయీ. "నాకు తెలియదండి, డాక్టరుగారు చెబుతారు." ఎన్నేళ్లుగానో ఒకే మాట, ఒకే మొహం. ఆ మొహం విషయంలో కూడా ఆమెకి లోపల ఒక గర్వం ఉంది. నా మొహం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేరు.

గోడకి కొక్కెం మీద గొడుగు వేలాడుతోంది. ఆకుపచ్చ గొడుగు, కర్ర పిడి. ఏడేళ్లుగా అక్కడే ఉంది. ఒకావిడ వదిలేసి పోయింది, రొమ్ములో గడ్డని వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి, ఒక్కతే వచ్చింది. సూది వేయించుకుని బయట బల్ల మీద కూర్చుంది, తొందర రంగుతో అరగంటలో చెబుతామన్నారు. ఆ రోజు రంగు సీసాలో అడుగున మడ్డి చేరింది, స్లైడు నిండా నల్లటి పొడి, చూడగానే ఒళ్లు మండింది. తీసి కడిగి, మళ్లీ వేసి, మళ్లీ చూసి, తల అడ్డంగా ఆడించి, డాక్టరమ్మని పిలిచింది. ఇద్దరూ వంగి చూశారు. పొడి వెనక ఉన్నది మామూలు గడ్డే, ఏ ప్రమాదమూ లేనిది. ఆ మాట చెబుదామని తలుపు తీస్తే బల్ల ఖాళీ. గొడుగు ఒక్కటే గోడకి చేరేసి ఉంది, బయట వాన పడుతూనే ఉంది. ఇచ్చిన చిరునామాకి ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ సొరుగులో ఉంది. కనిపించినప్పుడల్లా చిరాకే. మంచి మాట వినడానికి కూడా అరగంట ఓపిక లేకపోయింది మహాతల్లికి.

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడింది, మూలగా, మూడు కోణాల గుడ్డముక్కలాగా. ఎండని చూడగానే మాస్టారి మైక్రోస్కోపు గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, సూది వేయించుకున్నప్పటి నుంచీ అది గుర్తుంటూనే ఉంది, ఇప్పుడు ఇక కాదనలేకపోయింది. బీరువా పైన, చెక్కపెట్టెలో. ఒంటికన్నుది, ఇత్తడిది, దానికి కరెంటు అక్కర్లేదు, కింద చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది, దాన్ని వెలుగు వైపు తిప్పితే చాలు. మాస్టారు వెళ్లిపోయాక పారేస్తామంటే ఆమే దాచింది. డాక్టరమ్మకి ఆ సంగతి తెలియదు. కుర్చీ జరిపి ఎక్కింది. ఎక్కుతుంటే మెడ లాగింది. పెట్టె దించుతుంటే దుమ్ము మొహాన పడింది, దగ్గు వచ్చింది, దగ్గితే గోళీ కదిలింది. ఏం చేస్తున్నావు, అని లోపల ఒక గొంతు. రంగు చూస్తున్నాను, నా పనే, అని ఇంకో గొంతు. ఆ రెండోది ఆమె గొంతే కానీ, పిల్ల అబద్ధం చెప్పేటప్పటి గొంతులాగా కొంచెం పల్చగా ఉంది.

కిటికీ దగ్గర పెట్టి, అద్దం తిప్పింది. ముందు చీకటి, తరవాత కిటికీ చట్రం నీడ, తరవాత తెల్లగా, గుండ్రంగా, వెలుగు. తెలిసిన చోటికి వచ్చినట్టు ప్రాణం కుదుటపడింది. ఆరోది ముందు పెట్టలేదు. వరస ప్రకారం ఒకటో నంబరు పెట్టింది. రంగు బావుంది. రెండు, బావుంది. మూడో నంబరు దగ్గర కన్ను ఆగింది, అవి ఉండాల్సినట్టు లేవు, పొద్దున వచ్చిన ముసలాయనది, కూతురి చెయ్యి పట్టుకుని జోకులేస్తూ సూది వేయించుకున్నాడు, "నాకు పెట్టాల్సిన సూది మా అల్లుడికి పెట్టండమ్మా, వాడికే తిమ్మిరెక్కువ," అని. ఆ స్లైడుని తీసి పక్కన పెట్టింది. నాలుగు, అయిదు. ఎండముక్క బల్ల మీద అంగుళం జరిగింది, అద్దం మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చింది. ఇంక ఆరే ఉంది. వేలిగోళ్ల దగ్గర నీలం రంగు. స్లైడు అంచు పట్టుకుని, కింద పెట్టి, కన్ను ఆనించి, కాసేపు ఆ కన్ను మూసుకునే ఉంది. పాప జడ. దుప్పటి. సరే పాపని నేను తీసుకొస్తాలే. తెరిచింది.

దారాలు. నీలం దారాలు, ఒకే వైపుకి, గాలికి వంగిన గడ్డిలాగా. ఏమిటివి. జరిపింది. ఇక్కడా దారాలే. అంచుకి వెళ్లింది, అక్కడ రెండు మూడు గింజలు, ఆకారం ఉన్నట్టే ఉండి, ఒక పక్కకి తోకలు సాగి. అటుపక్క ఎర్రకణాలు, కుప్ప. మళ్లీ దారాలు. ఆమెకి తెలిసింది, తెలిసినా జరుపుతూనే పోయింది, ఈ చివరి నుంచి ఆ చివరికి, రెండో స్లైడు కూడా పెట్టి, దాన్నీ ఈ చివరి నుంచి ఆ చివరికి. మంచివని చెప్పడానికి లేదు, చెడ్డవని చెప్పడానికి లేదు. చితికిపోయాయి. గింజలు పగిలి నీలం కారి సాగిపోయింది. నీ బరువు వెయ్యకు. వేసింది. అయిదుగురికి పొద్దున్నించీ స్లైడు బరువే వేసిన చెయ్యి, ఆరోదానికి తన బరువంతా వేసింది, ముప్పై నాలుగేళ్ల బరువు. సగం లేచి కూర్చున్నందుకా. తొందరకా. లేక ఈ చెయ్యికి తెలిసే చేసిందా, చదవడానికి వీల్లేకుండా చేస్తే చదవక్కర్లేదని. చేతిని తిప్పి చూసుకుంది, అరచెయ్యి, మళ్లీ వెనక. ఎండ ఇంకో అంగుళం జరిగింది, గుండ్రటి వెలుగులో దారాలు మసకబారాయి. అద్దం తిప్పలేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు ఆమె అక్కడే ఉంది. డాక్టరమ్మ ముందు ఇత్తడి మైక్రోస్కోపుని చూసింది, తరవాత కుర్చీ మీది దుమ్ముని, తరవాత ఆమెని. జేబులోంచి ఐపీసులు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి మోసుకుని తిరిగింది దండగే అన్నమాట. దీన్నెక్కడ దాచావు?"

"బీరువా మీద."

"చూశావా?"

"చూశాను మేడమ్."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పు."

"నా చెయ్యే కనిపించింది. ఇంకేం లేదు. చితక్కొట్టేశాను."

డాక్టరమ్మ ఐపీసులు తగిలించి, ఆరో నంబరు పెట్టి, అటూ ఇటూ జరిపి, తీసేసింది. తిట్టలేదు. తిడితే బావుండేది. "ఇంకొకళ్లు చేసుంటే ఈపాటికి వాళ్లని ఉతికి ఆరేసేదానివి," అంది. "పద. పడుకో." తలుపు తీసి కేకేసింది, "ఆయమ్మా! ఓసారి రా. ఈసారి నువ్వు పట్టుకోవాల్సింది స్లైడు కాదు, దీని చేతులు."

మళ్లీ దిండు, మళ్లీ మరక. ఆయమ్మ వచ్చి ఆమె రెండు మణికట్లూ తన అరచేతుల్లోకి తీసుకుంది, కాయలు కాచిన చేతులు, ఫినాయిలు వాసన. "నాకియ్యి బిడ్డా. కాసేపు నా దగ్గరుంచుకుంటాలే, ఎత్తుకుపోనులే." నవ్వు వచ్చింది, నవ్వితే మెడ కదులుతుందని ఆపుకుంది. గుటక వెయ్యకు. సూది వెళ్లింది, తడిమింది, వచ్చింది. తల తిప్పడానికి లేదు, దూది అదిమిపెట్టారు, కాబట్టి చెవులే మిగిలాయి. సూది విప్పిన చప్పుడు, సిరంజితో గాలి నెట్టిన చప్పుడు. ఇప్పుడు బొట్టు పడుంటుంది. ఇప్పుడు ఆనించాలి. ఆనించారా. ఎందుకాలస్యం. చేతులు వాటంతటవే లేవబోయాయి, ఆయమ్మ వదల్లేదు, ముసలిదానికి ఇంత బలం ఎక్కడిది. అప్పుడు వినిపించింది, గాజు మీద గాజు, బియ్యప్పిండి మీద వేలు రాసినంత మెత్తగా. ఆ వెంటనే ఆల్కహాల్లో పడిన చప్పుడు. ఇంకో జత. దాన్ని గాలికే ఊపుతోంది డాక్టరమ్మ, తొందర రంగుకి గాలికి ఆరిన స్లైడే కావాలి. "స్లైడు బరువు చాలు అనేవాడు కదూ మీ మాస్టారు," అంది ఊపుతూనే. "నన్నూ తిట్టేవాడు, నేను కొత్తగా చేరినప్పుడు." ఆ సంగతి ఆమెకి తెలియదు. ఆ మాట తనొక్కదాని కోసమే పుట్టిందనుకుంది ఇన్నాళ్లూ.

"రంగు నేను వేస్తా."

"మేడమ్, ఆ సీసాలో అడుగున..."

"నేను వేస్తానన్నాను. పది నిమిషాలు. నువ్వు బయట కూర్చో. బల్ల మీద, అందరిలాగా."

బల్ల చల్లగా ఉంది. అంచు దగ్గర చెక్క నున్నగా అరిగి ఉంది, ఎందుకో తెలియలేదు, కూర్చున్నాక తన వేళ్లు కూడా వెళ్లి అక్కడే పట్టుకున్నాయి. వసారాలో ఎవరూ లేరు. ఆ చివర మెట్లు, మెట్ల కింద వీధి గుమ్మం, గుమ్మంలోంచి తెల్లటి వెలుగు, బస్సు ఆగి వెళ్లిన చప్పుడు. ఇరవై అడుగులు. మగడు ఈపాటికి బడి దగ్గర ఉంటాడు, పాప సంచీ తన భుజానికే తగిలించుకుని ఉంటాడు. ఫోను తీసింది. ఏం చెప్పాలి, ఇంకా ఏమీ తెలియదు. ఏమీ తెలియదని చెప్పొచ్చు కదా. అది కూడా ఒక మాటే కదా. "సామాను లెక్క కాదు. మెడ దగ్గర చిన్న పరీక్ష చేశారు. పాపని ఇంటి దగ్గర దింపి నువ్వు రా," అని రాసింది, రాసి, తప్పులు దిద్దకుండానే పంపేసింది. అప్పుడు తల ఎత్తింది.

ఎదురుగా తలుపు. తలుపుకి సన్నటి అద్దం. ఈ తలుపుని బయటి నుంచి వేలసార్లు చూసి ఉంటుంది, ఎప్పుడూ నిలబడే చూసింది. నిలబడితే అందులో బీరువా తలుపే కనిపిస్తుంది. కూర్చుంటే సరిగ్గా మైక్రోస్కోపు, దాని ముందు కుర్చీ, కుర్చీలో మనిషి మొహం, ట్యూబులైటు కింద, నాటకం వేసే అరుగు మీద ఉన్నంత స్పష్టంగా. తన కుర్చీ. డాక్టరమ్మ దాంట్లో కూర్చుని స్లైడు పెడుతోంది, ఆవిడ కనుబొమల మధ్య చిన్న మడత కూడా కనిపిస్తోంది. ఇక్కడి నుంచి. ఈ బల్ల మీద నుంచి. వీళ్లంతా ఇక్కడే కూర్చున్నారు, పదకొండేళ్లు, బల్ల అంచు అరిగేలా పట్టుకుని, తను ఊపిరి వదలడం చూశారు, స్లైడు తీసి మామూలుగా పెట్టడం చూశారు, తలుపు తీసి నాకు తెలియదండి అని చెప్పడం కూడా చూశారు, చూసి, మర్యాదకి, తెలియనట్టే తల ఊపారు. ఆకుపచ్చ గొడుగావిడ ఇక్కడే కూర్చుంది. లోపల ఒకమ్మాయి స్లైడు చూసి మొహం చిట్లించడం చూసింది. తీసి కడిగి మళ్లీ చూసి, తల అడ్డంగా ఆడించడం చూసింది. ఇంకో ఆవిడని పిలిచి, ఇద్దరూ వంగి చూడటం చూసింది. సీసా అడుగున మడ్డి సంగతి ఆవిడకేం తెలుసు. లేచింది. వానలోకి పోయింది, గొడుగు కూడా గుర్తు రానంత దూరం పోయింది. ఎక్కడికి పోయిందో. ఎన్నాళ్లు మోసిందో లేనిదాన్ని.

డాక్టరమ్మ నొసలు చిట్లించింది. డాక్టరమ్మ స్లైడు తీసి, వెలుగుకి ఎత్తి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ వంగింది. మడ్డేమో. ఆ సీసా వడకట్టి వారమైంది, చెబుదామంటే వినిపించుకోలేదు. వేలిముద్ర పడిందేమో. కాకపోతే. కాకపోతే కూడా కావచ్చు. స్లైడు జరిపే చెయ్యి ఒకచోట ఆగింది. ఆ చెయ్యి అలా ఎప్పుడు ఆగుతుందో ఆమెకి తెలుసు, మంచి గుంపు దొరికినా ఆగుతుంది, చెడ్డ గుంపు దొరికినా ఆగుతుంది, ఊరికే మెడ నొప్పెట్టినా ఆగుతుంది. కాళ్లు లేద్దామంటున్నాయి. ఇరవై అడుగులు, మెట్లు, వెలుగు, బస్సు. మోకాళ్లు నిజంగానే కదిలాయి. గోళీ గుటకతో పాటు పైకి వెళ్లి కిందకి వచ్చింది.

డాక్టరమ్మ తల ఎత్తింది. నేరుగా ఆమె కళ్లలోకే చూసింది. చూసి, చెవి వెనకకి వెంట్రుక తోసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, పెదవులు ఒకసారి తడుపుకుంది. అవతలి నుంచి ఆ అద్దంలో ఆవిడకి కనిపిస్తున్నది ఆవిడ మొహమే. చెప్పబోయే మాటకి ఆ మొహాన్ని సిద్ధం చేసుకుంటోంది, ఎవరూ చూడటం లేదనుకుని. ఆమె చూపు దించుకుంది. ఆ మొహాన్ని చదవడం తన వంతు కాదు, ఆవిడే ఆ మాట తీసుకుని తలుపు దాకా రావాలి. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, రెండడుగులు, గడియ. ఆమె బల్ల అంచు వదిలి, నీలం గోళ్ల చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కూర్చునే ఉంది.